డాక్టర్ మా పూర్వీకుల ఊరు ఎందుకడిగారు? పరిశోధనకి మా రక్తం ఇవ్వొచ్చా?

మీ ప్రశ్నని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అన్నయ్య కొడుక్కి అరుదైన జన్యు వ్యాధి ఉందని అనుమానం. ఎక్సోమ్ టెస్ట్ చేయిస్తే ఒక జన్యువులో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీల్లోనూ ఒకే మార్పు కనిపించింది, కానీ రిపోర్టులో 'ప్రాముఖ్యం ఇంకా తేలని మార్పు' అని రాశారు. అన్నావదినలకి బంధుత్వం లేదు. రెండు వైపులా ఇలాంటి జబ్బు ఎవరికీ రాలేదు. అయినా డాక్టర్‌గారు మీ వాళ్లు ఏ ప్రాంతం, ఏ సమూహం, పెళ్లిళ్లు ఎవరితో చేసుకుంటారు అని గుచ్చి గుచ్చి అడిగి, బంధువుల్లో మరికొందరి రక్తం పరిశోధనకి ఇస్తారా అన్నారు. "మన వాళ్లందరికీ చెడ్డ జన్యువులున్నాయని ముద్ర వేస్తారు" అని ఇంట్లో పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏమిటి లాభం అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇవ్వండి. అయితే మిమ్మల్ని అడుగుతున్నవి రెండు వేర్వేరు సంగతులు, వాటిని కలపకండి. మొదటిది అన్నావదినల రక్తం పరీక్షించడం. అది పిల్లాడి వైద్యంలో భాగం, వాయిదా వేయకండి. రెండోది మిగతా బంధువులు, అదే సమూహంలోని వేరే కుటుంబాలు శాంపిల్ ఇవ్వడం. అది పరిశోధన. దానికి మాత్రం కన్సెంట్ ఫారం చదివి, కింద నేను రాసిన ప్రశ్నలు అడిగాకే సంతకం పెట్టండి. ముద్ర గురించి పెద్దవాళ్ల భయం వట్టిదేమీ కాదు, దానికి చరిత్ర ఉంది. కానీ 'లోపం మన వాళ్లలోనే ఉంది' అన్న ఊహ మాత్రం తప్పు.

జన్యు వ్యాధుల క్లినిక్‌కి వచ్చే కుటుంబాలకి రిపోర్టులు చదివి వివరించడం నా పని. అంతకుముందు చాలాకాలం జనాభా జన్యుశాస్త్రం ల్యాబ్‌లో పనిచేశాను. అందుకని 'ఎక్కడివాళ్లు' అనే ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఒక మనిషి డీఎన్ఏని ప్రామాణిక క్రమంతో పోలిస్తే 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. 2015లో 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్ ఇచ్చిన లెక్క అది. ఎక్సోమ్ టెస్ట్‌లో ప్రోటీన్లు తయారుచేసే భాగాన్ని మాత్రమే చదువుతారు, అయినా తేడాలు వేలల్లోనే ఉంటాయి. వాటిలో పిల్లాడి జబ్బుకి కారణమైనది ఒక్కటో రెండో. కాబట్టి ల్యాబ్‌లో మా సమయమంతా అక్కర్లేనివాటిని ఏరి పక్కనపెట్టడానికే పోతుంది. దానికి మా చేతిలో ఉన్న మొదటి జల్లెడ, ఆ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎంతమందికి ఉందన్న లెక్క. నూటికి పదిమంది ఆరోగ్యవంతుల్లో కనిపించే మార్పు లక్షలో ఒకరికి వచ్చే తీవ్రమైన జబ్బుకి కారణం కాలేదు. దాన్ని కొట్టేస్తాం.

చిక్కల్లా ఏమిటంటే, ఎవరిలో నూటికి పదిమంది? ప్రపంచంలోని పెద్ద జన్యు డేటాబేస్‌లు చాలావరకు యూరప్ మూలాలున్నవాళ్ల శాంపిళ్లతో నిండాయి. మీ సమూహంలో ప్రతి పదిమందిలో ఒకరికి ఉన్న మార్పు ఆ డేటాబేస్‌లో అసలు కనిపించకపోవచ్చు. అప్పుడు రిపోర్టు రాసేవాళ్లకి అది చాలా అరుదైన, అనుమానించాల్సిన మార్పులా కనిపిస్తుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2016లో హార్వర్డ్ పరిశోధకులు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె గోడ మందమెక్కే జబ్బు రిపోర్టుల్ని మళ్లీ పరిశీలించారు. జబ్బుకి కారణమని రాసిన కొన్ని మార్పులు నిజానికి నల్లజాతి అమెరికన్లలో మామూలుగా ఉండే, హాని చేయని మార్పులని తేలింది. మొదట్లో పోల్చి చూసిన ఆరోగ్యవంతుల గుంపులో కొద్దిమంది నల్లజాతివాళ్లున్నా ఈ పొరపాటు దొర్లేది కాదని వాళ్లు లెక్కగట్టి చూపించారు. ఆ రిపోర్టులు అందుకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెప్తాను. పాపకి కండరాల బలహీనత. రిపోర్టులో ఒక మార్పుని పసుపు రంగు పూసి చూపించారు. పక్కన డేటాబేస్ సంఖ్యలుండే గడిలో సున్నా. ప్రపంచంలో ఎవరికీ లేని మార్పు కాబట్టి ఇదే కారణం కావచ్చని కింద ఒక వాక్యం. తల్లిదండ్రులు దాన్నే జవాబుగా నమ్మి, రెండో బిడ్డ వద్దనుకునే దాకా వెళ్లారు. ఆ కుటుంబం వచ్చిన సమూహం నుంచి ఆ డేటాబేస్‌లో దాదాపు ఎవరూ లేరు. అదే సమూహంలో ఏ జబ్బూ లేని, వీళ్లకి చుట్టరికం లేని పెద్దవాళ్ల పాత శాంపిళ్లు ఒక పరిశోధన ల్యాబ్‌లో ఉంటే అడిగి చూపించాం. ఆ మార్పు వాళ్లలో చాలామందికి ఉంది, కొందరికి రెండు కాపీల్లోనూ ఉంది. అంటే పాప జబ్బుకి కారణం అది కాదు. మళ్లీ మొదటి నుంచి వెతికితే వేరే జన్యువులో దొరికింది. ఆ శాంపిళ్లు ఎప్పుడో ఎవరో, తమకి ఏ లాభమూ లేకపోయినా, ఇచ్చి వెళ్లినవి.

మీ అన్నయ్య కొడుకు రిపోర్టులో ఉన్న 'తేలని మార్పు' అన్న మాటకీ చాలావరకు ఇదే అర్థం. అది ప్రమాదకరం అనీ కాదు, నిరపాయం అనీ కాదు. తేల్చడానికి కావలసిన మనుషుల లెక్క వాళ్ల దగ్గర లేదు, అంతే. అందుకే డాక్టర్‌గారు అన్ని ప్రశ్నలు అడిగారు.

ఇక 'బంధుత్వం లేదు కదా, రెండు వైపులా ఎవరికీ లేదు కదా, ఎలా వచ్చింది' అన్న ప్రశ్న. ఇది ప్రతి కుటుంబమూ అడుగుతుంది.

రిసెసివ్ జబ్బు రావాలంటే పాడైన కాపీలు రెండు కావాలి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క కాపీ మాత్రమే ఉన్నవాళ్లకి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, వాళ్లనే క్యారియర్లు అంటాం. ఇలాంటి దాగిన లోపాలు కొన్ని భూమ్మీద ప్రతి మనిషిలోనూ ఉంటాయి. నాలోనూ ఉన్నాయి, మీలోనూ ఉన్నాయి, ఆ డాక్టర్‌గారిలోనూ ఉన్నాయి. మనకి తెలియకపోవడానికి కారణం, మన జీవిత భాగస్వామిలో అదే జన్యువులో లోపం లేకపోవడమే. లెక్క చూడండి. 10,000 మందిలో ఒకరికి వచ్చే రిసెసివ్ జబ్బుకి సుమారు 50 మందిలో ఒకరు క్యారియర్‌గా ఉంటారు. జబ్బు కనిపించేది ఒక్కరిలో, లోపం మోసేది దాదాపు 200 మంది. 1908లో గణితవేత్త హార్డీ, వైద్యుడు వైన్‌బర్గ్ విడివిడిగా కనిపెట్టిన సూత్రం ఇది. తరతరాలుగా ఎవరికీ రాని జబ్బు హఠాత్తుగా ఒక బిడ్డలో కనిపించడంలో వింతేమీ లేదు.

కొన్ని సమూహాల్లో కొన్ని జబ్బులు మాత్రం లెక్కకి మించి ఎందుకు కనిపిస్తాయి? దీనికి నేను ఎప్పుడూ పింగెలాప్ దీవి ఉదాహరణే చెప్తాను. పసిఫిక్ మహాసముద్రంలో మైక్రోనేషియాలో ఉంటుంది. 1775 ప్రాంతంలో పెను తుఫాను వచ్చి, ఆ తర్వాత కరువొచ్చి, దీవిలో 20 మంది వరకే మిగిలారు. మిగిలినవాళ్లలో ఒకరు, బహుశా అక్కడి పాలకుడే, సీఎన్‌జీబీ3 అనే జన్యువులో పాడైన కాపీ ఒకటి మోస్తున్నాడు. అతని చూపు బాగానే ఉంది. పిల్లల చూపు బాగానే ఉంది. తరాలు గడిచి, అతని వారసుల్లో ఇద్దరు క్యారియర్లు ఒకరినొకరు పెళ్లి చేసుకున్నాకే, రంగులు అసలు కనిపించని, పగటి వెలుతురు భరించలేని పిల్లలు పుట్టడం మొదలైంది. ఇప్పుడు ఆ దీవి జనంలో నూటికి 5 నుంచి 10 మందికి ఆ సమస్య ఉంది. మిగతా ప్రపంచంలో అది 30,000 మందిలో ఒకరికి వచ్చేది.

ఇందులో గమనించాల్సింది, ఆ పాలకుడి డీఎన్ఏలో విశేషమేమీ లేదు. అలాంటి లోపాలు చచ్చిపోయినవాళ్లలోనూ ఉండే ఉంటాయి, అవి వాళ్లతోపాటే పోయాయి. మిగిలినవాళ్లలో ఏది ఉందో అది పెరిగింది. దీన్నే ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. ఇలాంటి సమూహంలో జబ్బుల రకాలు పెరగవు. కొన్ని పెరుగుతాయి, కొన్ని దాదాపు మాయమవుతాయి. ఫిన్లాండ్ చూడండి. అక్కడ మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపించే వారసత్వ జబ్బులు 30కి పైగా ఉన్నాయని అక్కడి వైద్యులే జాబితా వేసుకున్నారు. కానీ యూరప్‌లో మామూలుగా కనిపించే సిస్టిక్ ఫైబ్రోసిస్, ఫినైల్‌కీటోన్యూరియా అనే వారసత్వ జబ్బులు అక్కడ చాలా అరుదు. ఫిన్లాండ్ వాళ్లవి చెడ్డ జన్యువులని ఎవరైనా అంటారా?

దక్షిణాసియా సంగతి ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఇక్కడ సముద్రం లేకుండానే దీవులు తయారయ్యాయి. శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాలు పక్కపక్క వీధుల్లో ఉంటూ కూడా జన్యుపరంగా విడిగా ఉండిపోయాయి. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన అధ్యయనంలో 263 సమూహాల్ని పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఫౌండర్ ఎఫెక్ట్ ఫిన్లాండ్ వాళ్లలో, అష్కెనాజీ యూదుల్లో (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) ఉన్నదానికంటే బలంగా ఉందని తేలింది. వాటిలో 14 సమూహాల జనాభా 10 లక్షలు దాటుతుంది. అంటే ఇది మారుమూల చిన్న గుంపుల విషయం కూడా కాదు. పెద్ద సమూహం కదా, మాకేం పర్లేదు అనుకోవడానికి లేదు. ఇప్పుడెంతమంది ఉన్నారన్నది ముఖ్యం కాదు, ఒకప్పుడు ఎంత తక్కువమంది నుంచి మొదలయ్యారన్నదే లెక్కలోకి వస్తుంది.

మేనరికానికీ దీనికీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే డీఎన్ఏ సగటున ఎనిమిదో వంతు, అది ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తాతయ్య, నానమ్మ లేదా అమ్మమ్మల దగ్గర్నుంచి నేరుగా వచ్చింది. అక్కడ ఏ అరుదైన లోపమైనా రెండు కాపీలుగా కలిసే అవకాశం ఉంటుంది. ఫౌండర్ సమూహంలో అలా కాదు. దంపతులకి ఏ చుట్టరికమూ తెలియదు, పది తరాల వంశవృక్షం గీసినా కలవదు, కానీ ఎన్నో తరాల కిందటి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒక ముక్క ఇద్దరిలోనూ ఉంటుంది. మీ అన్నావదినల విషయంలో జరిగింది ఇదే అయ్యుండొచ్చు. పిల్లాడిలో రెండు కాపీల్లోనూ అచ్చంగా ఒకే మార్పు ఉందంటే ముందుగా వచ్చే అనుమానం అదే.

ఆ ముక్క పొడవు చూసి పూర్వీకుడు ఎంత పాతవాడో అంచనా వేస్తాం. ల్యాబ్ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అది. ప్రతి తరంలో తల్లి, తండ్రి క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి, పూర్వీకుడి నుంచి వచ్చిన ముక్క తరతరానికీ కురచవుతూ వస్తుంది. 5 తరాల కిందటి పూర్వీకుడి నుంచి ఇద్దరికీ చేరిన ఉమ్మడి ముక్క సగటున 10 సెంటీమోర్గాన్‌లు, అంటే సుమారు కోటి డీఎన్ఏ అక్షరాలు (సెంటీమోర్గాన్ అన్నది డీఎన్ఏ ముక్క పొడవుకి ఒక కొలత). 50 తరాలైతే ఒక సెంటీమోర్గాన్, సుమారు 10 లక్షల అక్షరాలు. ఒకే జబ్బున్న, ఒకరికొకరు తెలియని కుటుంబాల్లో ఒకే జన్యువు చుట్టూ అదే ముక్క కనిపించిందంటే, మార్పు ఒక్కసారే పుట్టి అందరికీ పంచిందని అర్థం. జన్యువు ఏదో తెలియని రోజుల్లో ఈ ఉమ్మడి ముక్కల్ని పట్టుకునే దాని చిరునామా కనుక్కునేవాళ్లు. ఎముకలు పొట్టిగా ఎదిగే డయాస్ట్రోఫిక్ డిస్‌ప్లేసియా జన్యువుని 1994లో ఫిన్లాండ్ కుటుంబాల్లో అలాగే పట్టుకున్నారు. మెదడు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్ వ్యాధి కూడా అంతే. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న కుటుంబాలు రక్తం ఇవ్వబట్టే 1983లో అది నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని, 1993లో అసలు జన్యువు ఏదో తెలిసింది. ఈ పద్ధతికి ఒక్క కుటుంబం చాలదు. డాక్టర్‌గారు 'వేరే కుటుంబాలు కూడా' అనడానికి కారణం అదే.

ఇస్తే మీకేమిటి లాభం? చాలామంది పరిశోధన అంటే ఎప్పుడో ఎవరికో పనికొచ్చేది అనుకుంటారు. మీ సొంత లెక్కే చూడండి. పిల్లాడి మార్పు నిజంగా జబ్బుకి కారణమని తేలితే, మీ అన్నయ్య తప్పకుండా క్యారియర్. ఆయన తోబుట్టువు కాబట్టి మీరు కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. మీకు కాబోయే భాగస్వామి ఏ సమూహం వాళ్లయినా, అక్కడ 100 మందిలో ఒకరు క్యారియర్ అనుకుంటే, మీ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం 800లో ఒకటి. అదే 15 మందిలో ఒకరు క్యారియర్‌గా ఉన్న సమూహమైతే అది 120లో ఒకటి. 100 అన్నదీ 15 అన్నదీ నేను ఉదాహరణకి వేసిన అంకెలు. మీ సమూహానికి అసలు అంకె ఏదో ఎవరికీ తెలియకపోతే నేను మీకు కౌన్సెలింగ్‌లో ఏం చెప్పను? రక్తం ఇచ్చినవాళ్లుంటేనే ఆ అంకె పుడుతుంది. పైగా ఫౌండర్ సమూహంలో ఒక మార్పు దొరికిందంటే, ఆ ఒక్క మార్పుకే చవకైన చిన్న టెస్ట్ తయారు చేయొచ్చు, ప్రతి ఒక్కరికీ మొత్తం ఎక్సోమ్ చదవక్కర్లేదు.

కొన్నిసార్లు దొరికేది జబ్బు కూడా కాదు, ముందుజాగ్రత్తకి పనికొచ్చే సమాచారం. వైశ్య సమూహంలో బ్యూటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్లకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని పరిశోధనలో తేలింది. ఈ లోపం ఉన్నవాళ్లు రోజువారీ జీవితంలో పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. ఆపరేషన్ సమయంలో కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తేనే సమస్య. మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి దిగదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తెలిసిన మత్తు డాక్టర్ ముందే అడిగి వేరే మందు వాడతారు, కథ అక్కడితో అయిపోతుంది. ఇలాంటి సమాచారం బయటపెట్టడం ముద్ర వేయడమా, ప్రాణం కాపాడడమా మీరే చెప్పండి.

అన్నిసార్లూ ఇంత నల్లా తెల్లగా ఉండదు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన ఒక మార్పు దక్షిణాసియా జనంలో నూటికి నలుగురికి ఉందని 2009లో ప్రచురించారు. అది గుండె కండరం బలహీనపడే ముప్పుని పెంచుతుంది, కానీ ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఇలాంటిది రిపోర్టులో వస్తే ఎంత భయపడాలి అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. కుటుంబ చరిత్ర, ఎకో పరీక్ష కలిపి చూడకుండా కాగితం మీద ఉన్నదాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకూడదు.

లాభం ఆ సమూహం దాకానే ఆగదు కూడా. కొలెస్టరాల్ మందుల్లో కొత్త రకం ఎలా వచ్చిందో తెలుసా? 2003లో ఫ్రెంచ్ కుటుంబాల్లో పీసీఎస్‌కే9 జన్యువు అతిగా పనిచేయడం వల్ల కొలెస్టరాల్ విపరీతంగా ఉంటోందని కనుక్కున్నారు. 2005లో అమెరికాలో డాలస్ పరిశోధకులు, అదే జన్యువు పనిచేయని నల్లజాతి అమెరికన్లలో చెడు కొలెస్టరాల్ చాలా తక్కువగా ఉందని చూపించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ని అడ్డుకుంటే చాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. 2015 నాటికి మందులు అనుమతి పొందాయి.

ఇప్పుడు పెద్దవాళ్ల భయం. వాళ్లని చదువుకోనివాళ్లలా, మొండివాళ్లలా చూడకండి. అమెరికాలో 1970ల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే రిసెసివ్ జబ్బు) పరీక్షల్ని కొన్ని రాష్ట్రాలు నల్లజాతివాళ్లకి తప్పనిసరి చేశాయి. సరైన కౌన్సెలింగ్ లేదు, క్యారియర్‌కీ రోగికీ తేడా చెప్పినవాళ్లు లేరు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న క్యారియర్లకి ఉద్యోగాల్లో, ఇన్సూరెన్సులో ఇబ్బందులొచ్చాయి. వైమానిక దళ అకాడమీ 1981 దాకా క్యారియర్లని చేర్చుకోలేదు. గ్రీస్‌లో ఒర్ఖోమెనోస్ అనే ఊళ్లో కూడా అప్పట్లోనే అందరికీ ఇవే పరీక్షలు చేసి ఫలితాలు చేతికిచ్చారు. క్యారియర్లన్న పేరు పడ్డవాళ్లకి పెళ్లి సంబంధాలు తప్పిపోతుంటే, వాళ్లు విషయం దాచిపెట్టడం మొదలుపెట్టారు. అరిజోనాలో హవాసుపాయ్ తెగవాళ్లు 1990ల్లో డయాబెటిస్ పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. అదే రక్తాన్ని వాళ్లకి చెప్పకుండా స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద అధ్యయనాలకి వాడారు. కోర్టుకెళ్తే 2010లో 7 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చి, మిగిలిన శాంపిళ్లు తిరిగిచ్చారు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది టే-శాక్స్ విషయంలో. చిన్నపిల్లల మెదడుని దెబ్బతీసి ప్రాణం తీసే జబ్బు. అష్కెనాజీ యూదుల్లో 30 మందిలో ఒకరు క్యారియర్. 1971లో అమెరికాలో పరీక్షలు మొదలుపెట్టేముందు డాక్టర్లు ఆ సమాజం పెద్దలతో, మతగురువులతో కూర్చుని మాట్లాడారు. జనం తమంతట తామే వచ్చారు. కొన్ని దశాబ్దాల్లో ఆ సమూహంలో టే-శాక్స్ పిల్లల పుట్టుక 90 శాతానికి పైగా తగ్గింది. పెళ్లి సంబంధాలకి ఇబ్బంది అన్న భయానికి కూడా వాళ్లే ఉపాయం కనిపెట్టారు. 1983లో మొదలైన దోర్ యెషోరిమ్ అనే సంస్థ పేర్లు కాకుండా నంబర్లతో పరీక్షిస్తుంది. సంబంధం అనుకున్న ఇద్దరి నంబర్లు చెప్తే, జంట కుదురుతుందో లేదో మాత్రమే చెప్తుంది. ఎవరు క్యారియర్ అన్న మాట ఊరంతా పాకదు. అన్నట్టు టే-శాక్స్ క్విబెక్‌లోని ఫ్రెంచ్ కెనడియన్లలోనూ ఉంది, అది వేరే మార్పు. 'ఫలానావాళ్ల జబ్బు' అని పేరు పెట్టేస్తే ఇలాంటివాళ్లు టెస్టుల దాకా రారు.

కాబట్టి సంతకం పెట్టేముందు అడగాల్సినవి ఇవి. శాంపిల్ ఈ ఒక్క జబ్బుకేనా, భవిష్యత్తులో వేరే పనులకీ వాడతారా? వాడాలంటే మళ్లీ అడుగుతారా? ఫలితం మాకు చెప్తారా, చెప్తే ఎవరు కూర్చోబెట్టి చెప్తారు? మధ్యలో వద్దనుకుంటే శాంపిల్‌నీ డేటానీ తీసేస్తారా? వ్యాసం ప్రచురించేటప్పుడు మా సమూహం పేరు రాస్తారా, రాసేముందు మా వాళ్లతో మాట్లాడతారా? ఈ చివరిది చాలామంది అడగరు. పేరు తీసేసిన డేటాలో కూడా సమూహం పేరు మిగిలిపోతుంది, మీ పెద్దవాళ్లు భయపడుతున్నది సరిగ్గా దానికే. జవాబులు నసుగుతూ వస్తే ఇవ్వకండి. వైద్యం కోసం చేసే పరీక్ష వేరు కాబట్టి, పరిశోధనకి కాదన్నంత మాత్రాన పిల్లాడి వైద్యం ఆగకూడదు, ఆగితే అది తప్పు.

ఇంకొన్ని విడి సంగతులు. అన్నావదినల రక్తం పరీక్షిస్తే ఒక్కోసారి అనుకోని కుటుంబ విషయాలు బయటపడతాయి, ఉదాహరణకి తండ్రి ఎవరన్నది. ల్యాబ్ అలాంటివి రిపోర్టులో రాస్తుందా లేదా అన్నది ముందే కనుక్కోవడం మంచిది. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకి క్యారియర్ టెస్ట్ చేయించకండి, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు. పూర్వీకులు ఏ దేశం నుంచి ఎంత శాతం అని చెప్పే సరదా టెస్టులున్నాయి కదా, అవి ఈ పనికి రావు.

నేను చెప్పిందంతా రిసెసివ్ జబ్బుకి. పిల్లాడి జబ్బు ఆ రకం కాదని తేలితే లెక్క మారిపోతుంది. ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రులిద్దరిలోనూ లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి, కొన్ని జబ్బులు వాటివల్లే వస్తాయి. పొట్టితనానికి కారణమయ్యే ఎకాండ్రోప్లేసియాలో సుమారు 80 శాతం పిల్లల తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. అలాంటప్పుడు పూర్వీకుల ఊరితో పనిలేదు. ఏ రకమో తేల్చేది కూడా అన్నావదినల రక్త పరీక్షే, అందుకే దాన్ని ఆపొద్దన్నాను.

ఒక విషయం మీరు రాయలేదు గానీ నేను చాలా ఇళ్లల్లో చూశాను. బిడ్డకి జబ్బు అనగానే వేళ్లన్నీ తల్లి వైపు తిరుగుతాయి. రిసెసివ్ జబ్బులో ఒక కాపీ తండ్రిది, ఒక కాపీ తల్లిది, సగం సగం. ఇంట్లో అలాంటి మాటలు వస్తుంటే పెద్దవాళ్లని కూడా కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి. నేను కుటుంబం ముందు కాగితం మీద రెండు గళ్లు గీసి, రెండింటి నుంచీ బిడ్డకి బాణాలు వేసి చూపిస్తాను. ఎంత ఉపన్యాసమిచ్చినా కానిది ఆ బొమ్మతో అవుతుంది.

ఇక ఇప్పుడు చేయాల్సింది. రిపోర్టులో జన్యువు పేరు, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన మార్పు పేరు ఉంటాయి, వాటిని విడిగా రాసి పెట్టుకోండి, కాగితం పోయినా అవి పోకూడదు. ల్యాబ్ నుంచి అసలు డేటా ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఏడాది, రెండేళ్ల తర్వాత అదే డేటాని మళ్లీ విశ్లేషించమనండి, ఈలోగా కొత్త డేటాబేస్‌లు వస్తాయి, తేలనివి చాలా తేలతాయి. మీ వదినగారు మళ్లీ బిడ్డ కోసం ఆలోచిస్తుంటే మాత్రం అంతదాకా ఆగకండి. రిసెసివ్ అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. గర్భంలో పరీక్ష 11వ వారం తర్వాత చేయొచ్చు గానీ, అసలు ఏ మార్పు కోసం వెతకాలో అప్పటికే రూఢి అయ్యుండాలి. రూఢి కావడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి గర్భం రాకముందే జన్యు వైద్యుల్ని కలవమని చెప్పండి. రిపోర్టులో ఉన్న జన్యువు పేరు, ఊరూ పేరూ తీసేసి, ఇక్కడ రాస్తే దాని గురించి నాకు తెలిసింది విడిగా చెప్తాను.